జపాన్‌ని దాటిన మా కొండ

"అక్కడాపకే మనవరాలా, మంత్రిగారి మాట ఉన్నదున్నట్టు రాయి. ఒక్క ముక్క ఒగ్గీకు," అంటూ హాస్టల్ నుంచి చూడ్డానికొచ్చిన నాచేత తాత ఇదంతా రాయించాడు.

అరకు సభలో మంత్రి దేవీప్రసాద్ గారు ఇలా సెలవిచ్చారు: "జపాన్‌లో నూటికి దాదాపు ముప్పైమంది వృద్ధులు! మనమో, ఇంకా కుర్రకారుతోనే నెట్టుకొస్తున్నాం. ఎన్నాళ్లీ అవమానం?"

జపాన్‌ని దాటే ఊరి కోసం వెతగ్గా వెతగ్గా ఆఫీసర్ రవిబాబు గారికి గూడెం కొత్తవీధి పైన మా ఊరు దొరికింది. కుర్రాళ్లంతా చెన్నైకి కూలికి పోయారు. మిగిలినవాళ్లు నూటికి నూరుమందీ ముసలివాళ్లే. "అన్ని డిపార్టుమెంట్ల సమష్టి కృషి" అని ఆయన రిపోర్టు పంపారు. నిజమే. రోడ్డు వాళ్లు రోడ్డు వెయ్యలేదు, బడి వాళ్లు బడి మూసేశారు. ఏ ఒక్కరు పొరపాటున పనిచేసినా ఫలితం చెడేది.

మంత్రిగారే మా ఊరికి అవార్డు ఇవ్వడానికి వస్తున్నారు. ఈలోగా మా ఊరి గాసి భార్య సోములమ్మ కాఫీ తోటలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆసుపత్రికి దించడానికి కర్రకి డోలీ కట్టారు గాని, మోసే గట్టి భుజాలు లేవు. కబురందుకుని చెన్నై నుంచి కొడుకులు లాజరస్, ఐజాక్ పరుగున వచ్చారు. సరిగ్గా అవార్డు రోజునే. కొండ కింద వాళ్లని రవిబాబు గారు ఆపేశారు.

"మీరు ఎక్కితే శాతం పడిపోతుందయ్యా!"

గాసి దిగొచ్చి దండం పెట్టాడు. "ఇదేటి బాబూ, కన్నకొడుకుల్ని ఆపేత్తన్నారు?"

రవిబాబు గారిది జాలిగుండె. "సరే, ఇద్దరికీ అరవై దాటాయని చెప్పండి. అడిగితే మోకాళ్ల నొప్పులనండి."

"మా అయ్యకే అరవై రెండండి," అన్నాడు ఐజాక్.

"అయ్యకి తొంభై చేద్దాం. ఎవరి సొమ్ము పోయింది?"

మంత్రిగారు కొండెక్కలేరు. సోములమ్మ కోసం కట్టిన డోలీని కిందికి తెప్పించి, అందులో ఆయన్ని కూర్చోబెట్టి అన్నదమ్ములే మోశారు. పైన దిగి, వాళ్ల జబ్బలు నొక్కి చూసి ఆయన పులకించిపోయారు.

"వయసెంత పెద్దాయనా?"

"అరవై దాటీసిందండి. మోకాళ్ల నొప్పులండి."

"నల్ల జుట్టు! ముప్పైరెండు పళ్లు! ఇదీ మా పాలన!"

గాసి అడ్డం వచ్చాడు. "బాబూ, మా ముసిల్ది ఓర్సుకోనేకపోతంది. డోలీ ఇప్పించండి, బేగి దింపాల."

"తప్పకుండా. నేను దిగగానే."

మాట తప్పలేదు. కిందికి దిగగానే ఖాళీ డోలీ గాసి చేతికి ఇప్పించారు. కొడుకుల్ని మాత్రం ఉంచేసుకున్నారు. విశాఖలో విదేశీ అతిథులకి చూపించాలట.

మంత్రిగారి భోజనాలు ముగిసేసరికి గాసీ, ఇంకో ముసలాయనా సోములమ్మని ఆగి ఆగి రోడ్డుకి దించారు. కాన్వాయ్ అప్పుడే కదులుతోంది. కార్లలో చోటు లేక లాజరస్‌నీ ఐజాక్‌నీ కాన్వాయ్ వెంట వచ్చిన అంబులెన్సులో పడుకోబెట్టారు. వృద్ధులు కదా, పడిపోకుండా చెరో పోలీసు పట్టుకున్నాడు.

"అమ్మా!" అని ఐజాక్ లోపలినుంచి అరిచాడు.

మంత్రిగారు కారు అద్దం దించి చూశారు. "ఈ పెద్దాయనకి తల్లి కూడా బతికే ఉందా! రాసుకోండి రవిబాబూ."

అంబులెన్సు సైరన్ వేసుకుని వెళ్లిపోయింది.

"ఇసాపట్నంలో ఉన్న ఆ గాసి కొడుకులిద్దరికీ నువ్వు రాసిందంతా ఫోన్లో సదివి ఇనిపించు తల్లీ. అమ్మ రోడ్డుకాడే ఉందని సెప్పు."