ఫ్యాను కుర్చీ కొరకు జంట బంట్ల సంగ్రామము

ఓ స్వేదజలస్నాతులారా, చెవులొగ్గి వినుడు!

రక్తాక్షి నామ సంవత్సరమున, గ్రీష్మప్రచండమైన వైశాఖ మాసమున, ఇనుపరాతి దుమ్ముతో ఎర్రబారి, ఓడల కూతలతో దద్దరిల్లు విశాఖ రేవుచెంత, ఉద్యోగుల కాలనీ క్లబ్బు అను రేకుల కప్పు గదిలో, ముల్లోకములలో ఎవ్వరికిని పట్టని ఒక మహాసంగ్రామము జరిగెను. ఆ గదికి ఫ్యాను ఒక్కటే. దాని కింద కుర్చీ ఒక్కటే. మిగిలిన కుర్చీలలో ఉన్నవారు కూర్చున్నారనుటకంటె ఉడుకుచున్నారనుట న్యాయము.

ఆ ఏకైక పవనసింహాసనమును ఏండ్ల తరబడి ఏలుచున్నవాడు రేవు కార్యాలయపు హెడ్‌గుమాస్తా, చతురంగపండితమ్మన్యుడు, ఉపన్యాసభయంకరుడు భీమశంకరరావు. చదరంగమున తనను గెలిచినవారికే ఆ కుర్చీ దక్కునని, ఓడినవాడు తన తుండుగుడ్డతో దానిని తుడిచి మరీ అప్పగించవలెనని శాసనము చేసినవాడును ఆయనయే. తుడిచే పని తనకు పడునని ఆ మహానుభావుని బుర్రకు ఏనాడును తోచలేదు.

ఆయనపై కత్తి గట్టినది టెలిఫోన్ ఆపరేటరమ్మ ఫ్లోరెన్సు. పగలంతయు హెడ్‌ఫోను తగిలించుకొని, ఊరందరి హలోలను భరించి, తల కుంపటియై ఆమె క్లబ్బున కాలు మోపెను. ఆమెకు కీర్తి అక్కరలేదు, బిరుదములు అక్కరలేదు. గాలి కావలెను.

"సూడండి శంకర్రావుగారూ, నాను ఆడతాను. నెగ్గితే ఆ కుర్సీ నాదే," అనెను.

"చదరంగమంటే టెలిఫోన్ తీగలు గుచ్చడం కాదమ్మా! సరే, కూర్చో. నాలుగు ముక్కలు నేర్చుకుని వెళుదువుగాని," అని ఆ కరుణాసముద్రుడు సెలవిచ్చెను.

రణము మొదలయ్యెను. ఆయన తన రాజును ఒక మూలను మూడు బంట్ల వెనుక దాచెను. ఆమె తన రాజును రెండవ మూలకు చేర్చెను. అంతట పండితుని కన్ను ఆమె గుర్రముపై పడెను. తన శకటుతో దానిని కొట్టెను. ఆమె పక్కనున్న బంటును జరిపి ఆ శకటును కొట్టెను. దానితో ఆమె బంట్లు రెండు ఒకే వరుసలో, ఒకదాని వెనుక ఒకటి, దిక్కులేక నిలిచెను.

ఆహా, ఆ క్షణమున ఆయన ముఖము చూడవలెను! తుండుగుడ్డ భుజమున సవరించుకొని లేచి, మైకు దొరికిన సభాధ్యక్షుని వలె గర్జించెను:

"చూడండర్రా! జంట బంట్లు! ఒకదాన్నొకటి కాచుకోలేని దౌర్భాగ్యపు బంట్లు! ఇలాంటి బంట్లున్నవాళ్ళు చచ్చినట్టేనని పుస్తకాలన్నీ ఘోషిస్తున్నాయి! గుర్రానికి శకటు చెల్లు. మరి పరువుకి? పరువుకేది చెల్లు?"

వెనుక బల్లపై ఉన్న క్రేను డ్రైవరు పైడయ్య పక్కనున్న దర్జీ మౌలాలిని గోకెను. "ఏటి బావ, ఎవలు నెగ్గినట్టు?"

"బంట్లు సెడిపోనాయంట. ఎవలికి సెడ్డో నాకూ తెలీదు," అనెను మౌలాలి.

ఓ పండితాగ్రేసరా! బంటు పక్కకు జరిగినచో అది నిలిచిన వరుస ఖాళీ యగునని, ఆ ఖాళీ వరుస నేరుగా నీ రాజు నెత్తికే పోవునని నీ గ్రంథములలో ఒక్క పుటయైనను చెప్పలేదా? చెప్పియే యుండును. నీవు ఎదుటివారి లోపమును తప్ప మరేమియు చదువవు కదా!

ఆయన తన మంత్రిని, గుర్రమును ఆ దీనబంట్ల వేటకు తరిమెను. ఫ్లోరెన్సు తన ఏనుగును తెచ్చి ఖాళీ వరుసలో నిలిపెను. ఆయన ఒక బంటును చంపి మీసము దువ్వెను. ఆమె ఏనుగు ఆ వరుస పొడవునా దూసుకుపోయి, రాజు ముంగిట నున్న బంటును కుమ్మెను. దూరము నుండి ఆమె శకటు ఆ ఏనుగును కాచుచుండుటచేత రాజు దానిని ముట్టలేక మూలకు నక్కెను. ఏనుగు మరి యొక అడుగు వేసి, వెనుకనున్న శకటు దెబ్బకు దారి విడిచి, రాజు పక్కనే నిలిచెను. రాజు దానిని తప్పక కొట్టవలసి వచ్చెను. కొట్టెను. రెండవ ఏనుగు అదే వరుసలోనికి వచ్చెను. ఇక రాజునకు కదలుటకు గడి లేదు.

"ఆట కట్టండి," అనెను ఫ్లోరెన్సు.

భీమశంకరరావు బల్లను కుడి నుండియు ఎడమ నుండియు చూచెను. కొంత వంగి కింద నుండియు చూచెను. ఎటు చూచినను రాజు చచ్చియే యుండెను. పిమ్మట స్వకృతశాసనబద్ధుడై, తుండుగుడ్డ తీసి, కుర్చీని చేతులతో సహా తుడిచి, పక్కనే నిలువబడి పలికెను:

"గెలిస్తే గెలిచావు గాని, ఆ బంట్లు మాత్రం పరమ అసహ్యం!"

ఫ్లోరెన్సు కూర్చుండి కన్నులు మూసుకొనెను.

"అవునండీ, అసియ్యంగానే ఉన్నాయి. కూసింత పక్కకి జరగండి, గాలికి అడ్డొస్తన్నారు."

జయము! మూడు రెక్కల గాలికి, నాలుగు కాళ్ళ కుర్చీకి కొత్త ఏలిక వచ్చెను! దుమ్ముకు జడిసి మూసిన కిటికీల అవతల బంగాళాఖాతము ఊరికే ఇచ్చుచున్న గాలిని మాత్రము ఎవ్వరును అడుగలేదు.