నాపరాళ్ళ మీద వైకుంఠపాళి

ఆ శనివారానికి రాజారత్నం మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడింటికి ఆయన బడికి పోయి స్పెషల్ క్లాసు చెప్పుకుంటారు. ఏడున్నరకు ఇంజన్లు బాగుచేసే సర్దారు వచ్చి, మాస్టారి పెరట్లో ఇంగ్లీషు ఆట ఆఖరిసారి ఆడుకుంటాడు. తొమ్మిదిన్నర బస్సుకు డ్యాము దగ్గరికి పోయి, పదకొండింటికి ఇంటర్వ్యూలో టపటపా జవాబులు చెప్పి, ఫిట్టరు ఉద్యోగంతో మాచర్ల తిరిగొస్తాడు. ఇందులో తప్పు దొర్లడానికి సందెక్కడుందో మాస్టారికి ఎంత ఆలోచించినా కనిపించలేదు. కనిపించకపోతే లేదనుకునే రకం ఆయన.

మాచర్ల చుట్టుపక్కల సర్దారు చెయ్యి పడని ఆయిలు ఇంజను లేదు. మొండికేసిన ఇంజను దగ్గర చెవి పెట్టి, దానికెక్కడ నొప్పో చెప్పేవాడు. అయితే డ్యాము పనికి వచ్చిన కాంట్రాక్టరు వర్క్‌షాపులో ఇంజనీరు నంబియార్ గారు మలయాళీ. ఆయనకు తెలుగు రాదు, ఉర్దూ రాదు. సర్దారుకు ఆ రెండూ తప్ప మరోటి రాదు. మొదటి ఇంటర్వ్యూలో సర్దారు గుడ్లప్పగించి నిలబడి వచ్చేశాడు. రెండోసారి ధైర్యం చేసి, పొద్దున పదింటికి "గుడ్ నైట్ సార్" అని వచ్చేశాడు. ఇది మూడోది. ఇదీ పోతే ఇక పిలవబోమని హెడ్డు గుమాస్తా ధనుంజయరావు కబురు కూడా పెట్టాడు.

ఫిట్టరుకు క్వార్టరిస్తారు. క్వార్టరులో కుళాయి ఉంటుంది. సర్దారు భార్య అబిదాకు ఏడో నెల. రెండు ఫర్లాంగుల అవతల దిగుడుబావిలోంచి రోజుకు ఆరు బిందెలు మోస్తోంది. సర్దారు మోస్తానంటే, మొగాడు బిందె ఎత్తుకుంటే నలుగురూ నవ్వుతారని ఒప్పుకోదు. ఆ కుళాయి కోసమే సర్దారు ఇంగ్లీషు మీద పడ్డాడు.

మాస్టారి ఇంగ్లీషు ఆట సంగతి కూడా చెప్పాలి. పుస్తకం పెట్టి చెబితే సర్దారుకు నిద్ర వచ్చేది. అందుకని ఆయన తన చిన్నప్పటి వైకుంఠపాళిని పెరట్లోకి దించారు. పెరట్లో ఆరు వరసల్లో ముప్పై ఆరు నాపరాళ్ళు. ప్రతి రాయి మీదా సుద్దముక్కతో ఒక నంబరు, ఒక అట్టముక్క, అది ఎగిరిపోకుండా ఒక గులకరాయి. అట్ట మీద ఇంజనీరు అడగబోయే ప్రశ్న తెలుగు అక్షరాల్లో ఉంటుంది. దాని కింద రెండు మూడు జవాబులు, ఒక్కో జవాబు పక్కన ఏ రాయి మీదికి నడవాలో ఆ నంబరు. జవాబు మంచిదైతే నిచ్చెన, కానిదైతే పాము. ముప్పై ఆరో రాయి ఉద్యోగం. ముప్పై ఐదో రాయి పెద్దపాము నోరు. అందులో పడ్డవాడు "ఐ డూ నాట్ అండర్‌స్టాండ్ సార్, ప్లీజ్ షో మీ", అంటే నాకు తెలియలేదు, చూపించండి అని సిగ్గుపడుతూ మూడుసార్లు చెప్పి మళ్ళీ ఒకటో రాయి దగ్గరికి రావాలి. అది శిక్ష. వారం రోజులుగా సర్దారు ఆ రాళ్ళ మీద నడుస్తూ మాటలు నేర్చుకుంటున్నాడు. నోటికంటే కాళ్ళకే ముందు వచ్చేశాయి.

ఆ పథకంలో మాస్టారు మరిచిపోయింది తన భార్య లీలావతిని. ఆ మధ్యాహ్నం వాళ్ళింట్లో స్త్రీల ప్రార్థన కూటం. పాష్టరమ్మ గారు వస్తారు. సుద్ద గీతల మీద చాప పరిచి పాష్టరమ్మను కూర్చోబెట్టడం లీలావతి వల్ల కాలేదు. మాస్టారు బడికి పోగానే అట్టలన్నీ ఏరి అరుగు మీద పెట్టి, నాలుగు బిందెల నీళ్ళతో పెరడు కడిగేసింది. ఆ తర్వాత పాపం, మొగుడి ఆట పాడు చేశానేమో అని మనసు పీకింది. సుద్దముక్క తీసుకుని ఒకటి నుంచి ముప్పై ఆరు దాకా చక్కగా నంబర్లు వేసి, రాయికొక అట్ట చొప్పున పేర్చి, గులకరాళ్ళు కూడా పెట్టింది. కూటం వేళకు చాపలు వాటి మీదే పరుచుకోవచ్చనుకుంది. చూసినవాళ్ళెవరికీ పెరడు కదిలిందన్న అనుమానం రాదు.

ఏడున్నరకు సర్దారు వచ్చి, ఒకటో నంబరు వెతుక్కుని ఆ రాయి మీద నిలబడ్డాడు. అక్కడికి వచ్చిపడ్డ అట్టలో ఏ జవాబు చెప్పినా తొమ్మిదికే పొమ్మని ఉంది. తొమ్మిదో రాయి అంటే ఒక అడుగు ముందుకు, రెండడుగులు కుడికి. వెళ్ళాడు. అక్కడ పెద్దపాము. మూడుసార్లు చెప్పి ఒకటికి వచ్చాడు. ఇంకో జవాబు చెప్పాడు. మళ్ళీ తొమ్మిది, మళ్ళీ పెద్దపాము.

"అక్కయ్యా, ఇయ్యాల పాములు ఎక్కువైనయ్యేంది?" అని వంటింటి వైపు కేకేశాడు.

"ఉజ్జోగం రోజు గదరా, గట్టిగా పెట్టుంటారు. ఆడు, ఆడు" అంది లీలావతి పొయ్యి ఊదుతూ.

ఇంజనీరు చాలా గట్టివాడు కాబోలు అనుకున్నాడు సర్దారు. గంటన్నర సేపు ఒకటికీ తొమ్మిదికీ మధ్య తిరిగాడు. వారమంతా పట్టు చిక్కని నాలుక ఆ ఒక్క వాక్యం మీద నూనె వేసిన చక్రంలా తిరగసాగింది. వంటింట్లో లీలావతికి కూడా అది నోటికి వచ్చేసింది.

తొమ్మిదింబావుకు మాస్టారు శిష్యుణ్ణి సాగనంపుదామని వచ్చారు. ఉషారుగా, "వాట్ ఈజ్ యువర్ నేమ్?" అని అడిగారు.

సర్దారు ఒక అడుగు ముందుకేశాడు, రెండడుగులు కుడికేశాడు. ఛాతీ విరుచుకుని, "ఐ డూ నాట్ అండర్‌స్టాండ్ సార్, ప్లీజ్ షో మీ!" అన్నాడు.

మాస్టారి మొహం పాలిపోయింది. "ఏమే! అట్టలు ఎవరు ముట్టుకున్నారే?"

"నేనే. కడిగి మళ్ళా పెట్టా. లెక్కకు ముప్పయ్యారూ ఉన్నయ్, చూసుకోండి."

"నంబర్లు ఎక్కణ్ణుంచి ఏశావు?"

"వంటింటి కాణ్ణుంచి. మీ మాదిరి మరుగుదొడ్డి కాణ్ణుంచి ఎవురన్నా ఒకటి మొదలుపెడతారా?"

మాస్టారు నెత్తిన చెయ్యి పెట్టుకున్నారు. అవతల బస్సు హారను మోగింది. ఇంక చేసేదేముంది? క్రిస్మసుకు మాత్రమే తీసే తన ఒక్కగానొక్క కోటు వేసుకుని ఆయన కూడా బస్సెక్కారు.

దారి పొడుగునా పాఠం విప్పే పనిలో పడ్డారు. "ఆ మాట మర్చిపో. పేరడిగితే పేరు చెప్పు. పనొచ్చా అంటే 'యస్ సార్' అను. ఏదడిగినా 'యస్ సార్' అను, చాలు. ఆ పాము మాట మాత్రం చచ్చినా అనొద్దు."

"ఏ పాము మాట, మేస్టారూ?"

"అదేరా, ఐ డూ నాట్ అండర్‌స్టాండ్..."

"సార్, ప్లీజ్ షో మీ!" అని సర్దారు పూర్తి చేశాడు. అలా పదిసార్లు జరిగింది. మర్చిపొమ్మని చెప్పడానికి ఆ మాటను గుర్తు చెయ్యక తప్పడం లేదు. ఇంతలో కండక్టరు వచ్చి టిక్కెట్టు అడిగితే, కంగారులో సర్దారు అదే అప్పజెప్పాడు. కండక్టరు మర్యాదస్తుడు. టిక్కెట్ల పుస్తకం తీసి చూపించాడు. డ్యాము చేరేసరికి వెనక సీట్లలో ఇద్దరు ముసలమ్మలు కూడా "పిలీజ్ సోమీ" అనుకుంటూ దిగారు.

వర్క్‌షాపు ఆఫీసు ముందు పద్దెనిమిది మంది వరసలో ఉన్నారు. సర్దారు పంతొమ్మిదోవాడు. మాస్టారు కిటికీ దగ్గర నిలబడి, లోపలికి పోయి ఇంజనీరుకు ఉన్న సంగతి విన్నవిస్తే బాగుంటుందా అని తొంగిచూస్తుంటే, ధనుంజయరావు బయటికొచ్చి ఆయన రెక్క పట్టుకున్నాడు.

"ఏందయ్యా, కిటికీకి ఏలాడేది? లైన్లోకి రా."

"నేను ఫిట్టర్ని కాదండీ, ఇంగ్లీషు మేస్టర్ని. ఈ అబ్బాయికి..."

"ఎవురైతే ఏంది, లైను లైనే. నడువ్!"

అలా మాస్టారు సర్దారుకంటే ముందు నంబియార్ గారి ఎదుట పడ్డారు. పంపు విప్పి బాగుచెయ్యగలవా అని ఇంజనీరు గద్దించి ఇంగ్లీషులో అడిగారు. పదకొండేళ్ళుగా వందలమంది పిల్లలకు ఇంగ్లీషు చెప్పిన రాజారత్నం మాస్టారు, ఒక నిజమైన ఆఫీసరు తనతో నిజంగా ఇంగ్లీషు మాట్లాడటం జీవితంలో మొదటిసారి విన్నారు. నోరు తెరిచారు. విన్నవించాలనుకున్నవన్నీ ఎటుపోయాయో తెలియదు.

"యస్ సార్" అన్నారు.

ఆఫీసుకు కుడిపక్కనే షెడ్డు. అందులో నీళ్ళ పంపు ఒకటి మెడ దగ్గర కారుతోంది. ఆయన చేతిలో పానా పెట్టారు. అక్కడా "యస్ సార్" అని, కనపడ్డ మొదటి నట్టు తిప్పారు. నీళ్ళు చిమ్మి క్రిస్మసు కోటు నిలువునా తడిసింది. కూలీలు పరుగెత్తుకొచ్చి నట్టు బిగించారు. నంబియార్ గారు కాగితం మీద ఇంటూ కొట్టి, "నెక్స్ట్!" అని అరిచారు. మాస్టారు నీళ్ళోడుతూ షెడ్డు గోడకు చేరగిలబడ్డారు. తన పని సరే. సర్దారు కుళాయి కూడా తన చేతులమీదుగానే పోతోందని ఆయనకు ఏడుపొచ్చింది.

సర్దారు ఆఫీసులోకి వచ్చాడు. ఆఫీసు నేల కూడా నాపరాళ్ళే. వాటిని చూడగానే అతని కాళ్ళకు ధైర్యం వచ్చింది.

ఇంజనీరు పేరు అడిగారు. సర్దారు ఒక అడుగు ముందుకు, రెండడుగులు కుడికి వేసి పాము మాట చెప్పాడు. ఇంజనీరు తెల్లబోయి, దరఖాస్తు తిప్పి అందులోని పేరు వేలితో చూపించారు. సర్దారు తలూపాడు. ఎన్నేళ్ళ అనుభవం? ఒకటి ముందుకు, రెండు కుడికి, అదే మాట. ధనుంజయరావు నోటికి ఫైలు అడ్డం పెట్టుకున్నాడు. పంపు బాగుచెయ్యగలవా? మళ్ళీ ఒకటి ముందుకు, రెండు కుడికి. ఈసారి సర్దారు షెడ్డు గుమ్మంలోకే వచ్చి నిలబడ్డాడు.

"ప్లీజ్ షో మీ, సార్!"

నంబియార్ గారు కుర్చీ వెనక్కి తన్ని లేచారు. చూపించాలా, రా చూపిస్తాను అని ఇంగ్లీషులో ఉరుముతూ షెడ్డులోకి వచ్చి, తనే పానా అందుకుని పంపు మీదికి వంగి, నట్టుకు తగిలించారు.

"నో సార్!"

అది ముప్పై ఆరు అట్టల్లో ఎక్కడా లేని మాట. ఇంజనీరు చెయ్యి సర్దారు గుప్పిట్లో ఉంది.

"ఆగండి సార్, ఆగండి! నీళ్ళు కట్టెయ్యకుండా ఇప్పితే మీరూ తడుస్తారు!" అని తెలుగులోనే అరిచి, పక్కనున్న చక్రం తిప్పి నీళ్ళు కట్టేశాడు. పానా ఇంజనీరు చేతిలోంచి అతని చేతిలోకి ఎప్పుడు వచ్చిందో ఇద్దరికీ తెలియదు. చెవి పంపుకానించి, చేత్తో తిప్పిచూసి, మెడ విప్పి, లోపల నీళ్ళు కారకుండా చుట్టిన, నుసి అయిపోయిన పాత తాడు లాగేసి, కొత్త తాడు చుట్టి బిగించాడు. చక్రం తెరిచాడు. ఒక్క చుక్క కారలేదు. సర్దారు అప్పుడుగానీ తను ఎవరి చెయ్యి పట్టుకున్నాడో గుర్తు తెచ్చుకోలేదు. పానా గబగబా కింద పెట్టేశాడు.

నంబియార్ గారు చాలాసేపు పంపును చూసి, ధనుంజయరావుతో ఏదో అన్నారు. ధనుంజయరావు గొంతు సవరించుకున్నాడు.

"ఒరేయ్ అబ్బాయ్, దొర అంటున్నారు, పొద్దుట్నుంచీ పంతొమ్మిది మంది వచ్చారంట. పంతొమ్మిది మందీ 'యస్ సార్' అన్నారంట. ఒక్కడికీ ఏమీ తెలవదంట. తెలవంది తెలవదని, చూపించమని అడిగినోడివి నువ్వొక్కడివేనంట. దొర తప్పు చేస్తుంటే చెయ్యి పట్టుకున్నోడివీ నువ్వేనంట. సోమవారం పన్లోకి రా. క్వార్టరు నంబరు పద్నాలుగు."

"కుళాయి?" అన్నాడు సర్దారు.

"ఉంది లేరా, ఉంది."

అంత మనిషి సర్దారు మొహం మోచేత్తో దాచుకుని ఏడ్చేశాడు. గోడ దగ్గర మాస్టారు కూడా కళ్ళు తుడుచుకున్నారు. ఒళ్ళంతా తడిగా ఉండటం వల్ల ఎవరూ గమనించలేదు.

ఈ అబ్బాయికి ఇంత తెలివైన ఇంగ్లీషు ఎవరు నేర్పారని ఇంజనీరు అడిగారట. సర్దారు గర్వంగా మాస్టారిని చూపించాడు. నంబియార్ గారు మాస్టారి కోటు వైపు ఒకసారి, ఇంటూ కొట్టిన కాగితం వైపు ఒకసారి చూశారు. మనిషి ఎలాంటివాడైనా పద్ధతి గొప్పదని తేల్చారు. ప్రతి శనివారం తన దగ్గర పనిచేసే పదహారు మందిని లారీలో మాచర్ల పంపుతాననీ, సర్దారుకు నేర్పినట్టే, ఒక్క అక్షరం మార్చకుండా నేర్పాలనీ చెప్పారు.

సాయంత్రం ఇంటికి వచ్చి మాస్టారు తడి కోటు దండెం మీద ఆరేశారు. కూటం ముగిసి పాష్టరమ్మ గారు వెళ్ళిపోయారు. చాపల కింద నలిగిన నంబర్లు సగం చెరిగి ఉన్నాయి. అట్టలు మళ్ళీ అరుగు మీదికి చేరాయి.

"ఏమే," అన్నారు ఆయన, వీలైనంత మామూలుగా. "పొద్దున ఆ అట్టలు ఏ వరసలో పెట్టావో గుర్తుందా?"

"వరసేంది, నా మొహం! చేతికి ఏదొస్తే అది పెట్టా. ఏం, మళ్ళా తప్పయిందా?"

మాస్టారు పరువుకూ పదహారు మంది చదువుకూ మధ్య కాసేపు ఊగిసలాడారు. ఆ రాత్రి భోజనాల దగ్గర రెండోసారి పప్పు వడ్డిస్తున్న భార్యవంక చూసి, జీవితంలో మొదటిసారి, "ఐ డూ నాట్ అండర్‌స్టాండ్, లీలావతీ" అన్నారు.

"పిలీజ్ షో మీ అనరేం మరి?" అంది ఆవిడ.

సోమవారం పద్నాలుగో నంబరు క్వార్టరులో అబిదా కుళాయి తిప్పి, నీళ్ళు వస్తుంటే బిందె పెట్టడం మరిచి చూస్తూ నిలబడిపోయిందట. ఆ వచ్చే శనివారం పదహారు మందితో లారీ మాచర్ల వచ్చింది. పాఠానికి ముందు లీలావతి పెరడు కడిగి, అట్టలు చేతికొచ్చినట్టు పేర్చింది. అప్పటి నుంచి ప్రతి శనివారమూ అంతే. ఆ పద్ధతికి రాజారత్నం మాస్టారి పద్ధతి అని పేరు.