దిగడం ఒక్కటే రాదు

ఆ శనివారం పొద్దున పెద్దకోడలు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఇంట్లో ఎవరూ లేవకముందే చిన్నకోడలి సైకిల్ బయటికి తీయాలి. పార్కు చుట్టూ ఒక్క రౌండు కొట్టి, చడీచప్పుడూ లేకుండా తెచ్చి ఎక్కడిది అక్కడ పెట్టేయాలి. మర్నాడు ఆదివారం మామగారు బయల్దేరబోయే వేళకి, ఏదో అప్పుడే గుర్తొచ్చినట్టు, "ఈ వారం సైకిల్ నాకివ్వు, మామయ్యతో నేను వెళ్ళొస్తాను" అనాలి. ఆ మాటకి చిన్నకోడలి మొహం ఎలా మాడిపోతుందో ఆమె కొన్నాళ్ళుగా ఊహించుకుంటూ ఉంది. ఊహించుకున్నప్పుడల్లా ప్రాణం హాయిగా ఉంది.

అసలు ఆదివారం పొద్దున అనేది ఆమె సొత్తు. కాపురానికి వచ్చినప్పటినుంచీ ఆ వేళకి కింది వాటా కిటికీ దగ్గర రెండు కుర్చీలు, రెండు గ్లాసుల టీ, పేపర్లో వచ్చే గళ్ళనుడికట్టు. బస్సు డ్రైవరుగా పనిచేసి రిటైరైన మామగారు ఆధారాలు పైకి చదివేవాడు, ఆమె గళ్ళు నింపేది. తట్టని మాట దగ్గర ఇద్దరూ పోట్లాడుకునేవారు. వారమంతా కళ్ళద్దాల దుకాణంలో చూపు పరీక్షిస్తూ జనం చేత అక్షరాలు చదివించే మనిషికి, తన అక్షరాలు తాను రాసుకునే వేళ అదొక్కటే.

అలాంటి ఇంట్లోకి మరిది పెళ్ళాంగా చిన్నకోడలు అడుగుపెట్టింది. పైవాటా కిటికీకి తెర కట్టుకునే తీరిక లేదు గానీ, మామగారి పుట్టినరోజుకి తన సైకిల్ లాంటిదే ఒకటి కొనిచ్చే తీరిక మాత్రం ఆ పిల్లకి దొరికింది. అప్పటినుంచీ ఆదివారం పొద్దున్నే ఆ ఇద్దరూ సైకిళ్ళ మీద షికారు. వాటికి ఉన్నవి మామూలు పెడళ్ళు కూడా కావు. బూటు అడుగున ఇనప బిళ్ళ ఒకటి ఉంటుంది, తొక్కగానే అది పెడల్లో టక్కున ఇరుక్కుంటుంది, ఇక కాలూ సైకిలూ ఒకటే. ఆ టక్కుమనే చప్పుడు ఆదివారంనాడు గేటు దగ్గర వినిపిస్తే పెద్దకోడలికి ఒళ్ళంతా కారం రాసినట్టుండేది.

వెళ్ళడం ఒక ఎత్తు, తిరిగి రావడం ఒక ఎత్తు. గేటు దగ్గర చిన్నకోడలు ముందు దిగి, పరిగెత్తుకుంటూ వెళ్ళి మామగారి భుజం పట్టుకునేది. ఆయన సైకిల్ మీదే ఉండి నవ్వేవాడు. ఆ పిల్లా నవ్వేది. అంతవరకు చూసి పెద్దకోడలు కిటికీ తెర సర్రున లాగేసేది. ఆ తరవాతిది చూసే ఓపిక ఆమెకి లేదు.

"ఎందుకంత కుళ్ళు నీకు?" అని మొగుడు అడిగాడు ఒకసారి.

"నాకెందుకండీ కుళ్ళు? ఆ వయసులో మోకాళ్ళు ఏమవుతాయోనని నా భయం."

"నాన్న మోకాళ్ళు నిక్షేపంలా ఉన్నాయి."

"అదే నా బాధ," అంది ఆమె, నోరు జారి.

శనివారం అనుకున్నట్టే లేచింది. చిన్నకోడలి బూట్లు ఒక సైజు పెద్దవి. ఊడిపోకుండా లేసులు ఊపిరాడనంత బిగించి, ముడి మీద ముడి వేసింది. గోడ పట్టుకుని ఎక్కి, ఒక కాలు నొక్కింది. టక్. కదిలి, రెండో కాలు నొక్కింది. టక్. ఇంతేనా, దీనికా ఆ పిల్ల అంత మిడిసిపాటు అనుకుంది. వీధి చివర కుక్క అడ్డం వచ్చి కాలు కింద పెట్టబోయే వరకు ఆమె సంతోషానికి ఏ లోటూ రాలేదు.

కాలు రాలేదు. పైకి లాగింది, వెనక్కి లాగింది, మనసులో తిట్టింది. కుక్కే పెద్దమనసు చేసుకుని తప్పుకుంది. ఈ పెడళ్ళలోంచి కాలు బయటికి తీయడానికి ఏదో కిటుకు ఉండే ఉంటుంది. కానీ గేటు దగ్గర చిన్నకోడలు దిగేటప్పుడు తాను ఆ పిల్ల కాళ్ళవైపు చూసిందే లేదు, మామగారు దిగే సమయానికి తెర లాగేసి ఉండేది కదా. ఆపితే పడిపోవడం ఖాయం. పార్కులో అడ్డంకులు ఉండవు కాబట్టి ఆమె పార్కులోకి తిప్పి, గుండ్రటి బాట పట్టుకుని తిరగడం మొదలుపెట్టింది.

ఒక్క రౌండు అనుకున్నది రౌండ్ల మీద రౌండ్లయింది. ఆమె దగ్గర కొత్తగా అద్దాలు చేయించుకున్న బ్యాంకు గుమాస్తా బెంచీ మీద కూర్చుని గుర్తుపట్టాడు.

"అమ్మా, మీరిచ్చిన అద్దాలతో మెట్లు సరిగ్గా కనిపించట్లేదండీ."

ఆమె అప్పటికే దాటిపోయింది. మళ్ళీ తిరిగి వచ్చినప్పుడు, "ఎక్కేటప్పుడా, దిగేటప్పుడా?" అని అడిగింది.

ఇంకో చుట్టుకి జవాబు అందింది. "దిగేటప్పుడేనండీ."

"దిగడం కష్టమేనండీ," అంది ఆమె ఆ పైచుట్టులో, మనస్ఫూర్తిగా.

ఇదంతా నడకసంఘం అధ్యక్షుడు గమనిస్తున్నాడు. ఆయన పక్కన పరిగెడుతూ, "ఏదైనా పోటీకి తయారవుతున్నావామ్మా?" అని అడిగాడు. అప్పుడే నిజం చెప్పి ఉంటే నలుగురు పట్టుకుని దింపేవారు. కానీ దొంగతనంగా తెచ్చిన సైకిల్ మీద ఇరుక్కుపోయానని ఏ మొహం పెట్టుకుని చెబుతుంది? "అవునండీ," అంది. అధ్యక్షుడికి ఒళ్ళు పులకరించింది. ఈల ఊది, నడిచేవాళ్ళందరినీ గడ్డి మీదికి తోలి, మన పేట ఆడబిడ్డ సాధన చేస్తోంది, దారి ఇవ్వండని కేకలు పెట్టాడు. ఎవరో ఆమె మొహాన నీళ్ళు కూడా చల్లారు. ఆమెకి ఏడుపొకటే తక్కువ.

అవతల ఇంట్లో చిన్నకోడలు లేచి చూసింది. సైకిల్ లేదు, బూట్లు లేవు. దొంగ పడ్డాడని ఆమె గొల్లుమంటే, పాలబ్బాయి ఎవరో పార్కువైపు తొక్కుకుంటూ వెళ్ళారని చెప్పాడు. మామగారు వెనకాముందూ చూడలేదు. బూట్లు తొడిగి, తన సైకిలెక్కి, టక్ టక్ మనిపించి వీధిలో పడ్డాడు. "మామయ్యా, నేను లేకుండా వెళ్ళకండి" అని చిన్నకోడలు వెనకాల అరుస్తూనే ఉంది.

"ఆపు, ఆపు," అని కేకలేస్తూ ఆయన పార్కులోకి దూసుకొచ్చేసరికి, అధ్యక్షుడు జనానికి చెప్పాడు. "ఆ అమ్మాయికి నేర్పే గురువుగారు కాబోలు, ఎంత కఠినంగా ఉన్నారో చూడండి." అందరూ చప్పట్లు కొట్టారు.

మామగారు సైకిల్ పక్కకి వచ్చి, దొంగ మొహం చూశాడు.

"నువ్వా?"

"నేనే మామయ్యా."

"దొంగనుకున్నాం."

"దొంగనే."

ఇద్దరూ పక్కపక్కనే తొక్కుతూ ఒక చుట్టు తిరిగారు. బెంచీ మీద గుమాస్తా అద్దాలు పైకి తోసుకుని, ఈసారి ఇద్దరు ఉన్నారా, తనకే ఇద్దరు కనిపిస్తున్నారా అని కళ్ళు నులుముకున్నాడు.

"సరే, ఆపి దిగు," అన్నాడు మామగారు.

"దిగడం రాదు మామయ్యా. మీరు ముందు ఆపి చూపించండి."

ఆయన దగ్గి, చెట్లవైపు చూసి, అటూ ఇటూ ఎవరూ వినడం లేదని తేల్చుకుని, "నాకూ రాదమ్మా," అన్నాడు.

"ఇన్నాళ్ళనుంచీ తొక్కుతున్నారు కదా."

"తొక్కడానికేం, ఎంతసేపైనా తొక్కుతాను. దిగడం ఒక్కటే రాదు. గేటు దగ్గర చిన్నది ముందు దిగి, పరిగెత్తుకొచ్చి నన్ను నిలబెడుతుంది. అప్పుడు బూటు పెడల్లోనే వదిలేసి, కాలు లాక్కుని దిగుతాను."

"మరి ఆ నవ్వులు?"

"నవ్వక ఏడవమంటావా? పక్కింటివాళ్ళు చూస్తుంటే ఏదో ఒకటి చెయ్యాలి కదా."

పెద్దకోడలికి తొక్కుడు తప్పింది, మళ్ళీ అందుకుంది. "అయితే మానేయొచ్చుగా?"

"కొత్తగా వచ్చిన పిల్ల, ముచ్చటపడి కొనిచ్చింది. వద్దంటే చిన్నబుచ్చుకోదూ? అయినా రెండోవారమే మానేసి నీ దగ్గరికి వచ్చేద్దామనుకున్నాను. కిటికీవైపు చూస్తే తెర వేసేసి ఉంది. నాతో నీకు విసుగొచ్చిందేమో, పోన్లే అనుకున్నా."

"నాకా? విసుగా?"

"పేపర్లన్నీ మంచం కింద దాచాను. గళ్ళన్నీ అలాగే ఉన్నాయి."

ఆమెకి కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. తుడుచుకుందామంటే చేతులు హ్యాండిల్ వదల్లేవు. అందుకని అలాగే కారుతూ ఉంటే, చూసేవాళ్ళు సాధన చేసి చేసి చెమట పట్టిందనుకున్నారు.

అప్పుడు వచ్చింది చిన్నకోడలు, ఇంటి చెప్పులతో, రొప్పుతూ. ఎదురుగా ఇద్దరినీ చూసి నోరెళ్ళబెట్టి, తరవాత పక్కన పరిగెత్తడం మొదలుపెట్టింది. "మడమ బయటికి తిప్పక్కా, దానంతటదే వచ్చేస్తుంది." పెద్దకోడలు తిప్పింది. పెద్ద సైజు బూటులో మడమ చక్కగా తిరిగింది. బూటు మాత్రం తిరగలేదు. రొప్పుతున్న ఆ పిల్లకి ఎవరినీ పట్టుకుని నిలబెట్టే ఓపికా మిగల్లేదు.

"బస్సుకి బ్రేకులు పోతే ఏం చేస్తారు మామయ్యా?" అంది పెద్దకోడలు.

"మెత్తటిది ఏదుందో చూసి, దాని మీదికి పోనిచ్చేస్తాం," అని ఆయన తోటమాలి ఊడ్చి పెట్టిన ఎండాకుల గుట్టవైపు చూపించాడు.

మామగారూ పెద్దకోడలూ ఒకేసారి అందులోకి వెళ్ళి, ఒకేసారి పక్కకి ఒరిగారు. ఆకులు లేచి నెమ్మదిగా కిందకి దిగాయి. అధ్యక్షుడు మళ్ళీ చప్పట్లు కొట్టించాడు. తోటమాలి చీపురు పట్టుకుని వచ్చి, "ఇప్పుడే ఊడ్చానండీ," అన్నాడు.

చిన్నకోడలు కింద కూర్చుని పెద్దకోడలి లేసుల ముడులు ఒక్కొక్కటే విప్పింది. "అడిగితే ఇచ్చేదాన్ని కదక్కా," అంది.

"మామయ్యని నువ్వు పట్టుకుంటున్నావని నాకు తెలీదు."

"ఎవరికీ చెప్పొద్దన్నారు. నాకూ బాగానే ఉండేది, నేను లేకపోతే ఆయన దిగలేరని."

మామగారు జుట్టులోంచి ఆకులు తీసుకుంటూ, "రేపటికి సైకిలొద్దులే అమ్మా, నడుం పట్టేసింది," అన్నాడు. చూపు మాత్రం పెద్దకోడలివైపు ఉంది.

ఆదివారం పొద్దున కింది వాటా కిటికీ బార్లా తెరిచి ఉంది. రెండు కుర్చీలు, రెండు గ్లాసులు, మంచం కిందనుంచి తీసిన పేపర్ల దొంతర. మామగారు ఆధారం చదివాడు, పెద్దకోడలు కాదని వాదించింది, ఇద్దరూ నవ్వారు. గేటు దగ్గర ఒక్క టక్కు వినిపించింది, రెండోది చాలాసేపటి వరకు వినిపించలేదు. పెద్దకోడలు కిటికీలోంచి తల బయటపెట్టి, ఎంతో ప్రేమగా, "నువ్వు వెళ్ళిరామ్మా, మా కోసం ఆగకు," అంది.

సోమవారం సాయంత్రం చిన్నకోడలు బజారుకి వెళ్ళి, పైవాటా కిటికీకి తెర కొనుక్కొచ్చింది.