తలతిరుగుడు మాత్రపై తాజా తీర్మానం

కొత్త ఆధారాలు వచ్చాయని కార్యదర్శి అనగానే వైద్య సమీక్షా సంఘం సభ్యులందరూ నిటారుగా కూర్చున్నారు. వారికి 'కొత్త ఆదాయాలు' అని వినబడింది. వచ్చినవి వట్టి ఆధారాలేనని తేలాక ఎవరి కుర్చీలోకి వారు మళ్లీ జారిపోయారు.

ఈ సంఘం గొప్పతనం తెలియని అభాగ్యుల కోసం ఒక మాట. ఏ మందు మీద ఎవరెవరు ఏం పరిశోధించారో అన్నీ ఏరి, తూచి, అది మంచిదో కాదో తేల్చి పుస్తకం వేయడం వీరి పని. డాక్టర్లు ఆ పుస్తకం చూసే మందుచీటీ రాస్తారు. పరిశోధనలు మారినప్పుడు పుస్తకాన్ని తాజా చేయడమూ వీరి పనే. అదీ తప్పకుండా చేస్తున్నారు. అట్ట మీద తారీఖు మారుస్తున్నారు. వీరి నిఘంటువులో తాజా అంటే తారీఖే.

ఇప్పుడొచ్చిన చిక్కు తల తిరక్కుండా మింగే తలతిరుగుడు మాత్రతో. అది నిరపాయమని పుస్తకం. ఎక్కువకాలం మింగితే చెవుడొస్తుందని కొత్త పరిశోధనలు. కార్యదర్శిగారి అక్క సంగీతం టీచరు. ఆ మాత్ర మింగి మింగి, అపస్వరానికి కూడా శభాష్ అనే దశకు చేరుకుంది. పిల్లలు ఆనందించారు, తల్లిదండ్రులు ఒక్కొక్కరే సంగీతం మాన్పిస్తున్నారు. మాత్ర ఆపమని తమ్ముడు మొత్తుకుంటే, "పుస్తకంలో మంచిదనే ఉందిగా. మీ సంఘం పెద్దసారుకంటే నీకెక్కువ తెలుసుట్రా?" అంది.

వినికిడి సంగతిని సంఘం పెడచెవిన పెట్టలేదు, ఉపసంఘం చెవిన పెట్టింది. పుస్తకాన్ని ఎన్నాళ్లకోసారి తాజా చేయాలన్నది చర్చ. ఏటా చేయాలని గర్జించిన సభ్యుడు, ఆ పని తననే చూడమనేసరికి ఐదేళ్లకు సర్దుకున్నాడు. చివరికి మహత్తర తీర్మానం వెలువడింది: ఆధారాలు మారినప్పుడే పుస్తకాన్ని తాజా చేయవలెను, ఆధారాలు మారినవో లేదో పుస్తకాన్ని తాజా చేయునప్పుడే చూడవలెను.

"మన పుస్తకం కూరగాయల బండి కాదు, పొద్దున్నే నీళ్లు చల్లి తాజా అనిపించడానికి. ప్రజలకు కావలసింది స్థిరత్వం" అని పెద్దసారు ముగించారు. కరతాళధ్వనులు.

సభ ముగిశాక పెద్దసారు వరండాలో కార్యదర్శి భుజం మీద చేయి వేశారు.

"ఏమయ్యా, మీ అక్కచేత ముందు ఆ మాత్ర మాన్పించు. మా ఆవిడకి పోయినేడే మాన్పించాను."

"ఆ మాటే పుస్తకంలో రాయొచ్చు కదండీ?"

"ఇంటి సంగతులు పుస్తకాలకెక్కిస్తామా?"

పెద్దసారు భార్యే మానేసిందని విన్నాక అక్క మానేసింది. అది ఆమెకు వినపడేలా చెప్పడానికి తమ్ముడు అరవాల్సి వచ్చింది. మాత్ర పోయింది గానీ, దానితో పోయిన వినికిడి మాత్రం తిరిగి రాలేదు.

కాబట్టి పాఠక మహాశయా, మీరు మింగే మందు మంచిదో కాదో తెలియాలంటే, పుస్తకం రాసినవారి ఇంట్లో ఎవరేం మింగుతున్నారో కనుక్కోండి. వాళ్లతో అంత చుట్టరికం లేదంటారా? అలాంటి మీ కోసమేగా పుస్తకం అచ్చువేస్తున్నది.