కనబడవలెను

ఒక పెద్ద అడవిలో ఒక వెడల్పాటి ఏరు ఉండేది. తిండి ఏటికి అవతల, పడక ఇవతల. అందుచేత జంతువులకు రోజూ ఏరు దాటక తప్పేది కాదు.

పెద్ద జంతువులను దాటించడానికి దున్నపోతుకు ఒక పంటు ఉంది. లావుపాటి దుంగల మీద బల్లలు పరిచిన ఆ పంటు ఏట్లో పోతుంటే సగం అడవి కదిలి పోతున్నట్టు ఉండేది. చిన్న జంతువులను దాటించడానికి నూకాలు అనే నీటికుక్కకు ఒక దోనె ఉంది. ఒకే మాను తొలిచి చేసిన దోనె. నలుగురు ఎక్కితే నీళ్ళకీ అంచుకీ మధ్య జానెడు మిగిలేది. దోనెదీ నీళ్ళ రంగే, నూకాలు వీపుదీ నీళ్ళ రంగే.

నీటికుక్కకు ఈత వచ్చుగా, దోనె ఎందుకని మీరు అడగొచ్చు. నూకాలుకు వచ్చు. ఎక్కే కుందేళ్ళకు రాదు.

కిందటి వానాకాలం దాకా దోనె నడిపింది నూకాలు మొగుడు సోములు. ఒకరోజు పంటు వచ్చి సోములు మీదకు ఎక్కింది. దోనె ముక్కలైంది. సోములు వెనక కాలు నుజ్జయింది. అడవి సభలో విచారిస్తే దున్నపోతు అబద్ధమేమీ ఆడలేదు.

"నాకు కనబడలేదు" అంది.

నెమరు వేసేటప్పుడు దానికి కళ్ళు మూతలు పడతాయి. పంటు నడిపినంతసేపూ అది నెమరు వేస్తూనే ఉంటుంది. ఆ సంగతి అందరికీ తెలుసు, ఎవరూ అనలేదు. "పాపం, కనబడకపోతే అదేం చేస్తుంది?" అని సభవారు జాలిపడి లేచిపోయారు. జాలి కూడా పల్లం చూసుకుని పారుతుందంటారు గానీ, మా అడవిలో అది ఎప్పుడూ ఎగువకే పారేది.

సోములు మూలన పడ్డాడు. నూకాలు ఆరు నెలలు పళ్ళతో మాను కొరికి కొత్త దోనె చేసింది. ఇది కూడా పోతే ఇంట్లో పొయ్యి వెలగదు. ఏట్లో పోయే కుందేళ్ళ ప్రాణాలు సరేసరి.

"కనబడలేదన్నాడు కదా, కనబడితే సరి" అనుకుంది నూకాలు.

పొడవాటి వెదురుగడ తెచ్చి దోనె వెనక నిలబెట్టింది. గడ కొసకు మోదుగుపూల గుత్తి కట్టింది. తెడ్డు రెక్కలకు పసుపు పూసింది. మర్నాడు ఏటి మలుపు తిరిగేసరికి నిప్పు నడిచి వస్తున్నట్టు అరక్రోసు దూరం నుంచే కనబడింది. నెమరు మధ్యలో దున్నపోతు ఉలిక్కిపడి కళ్ళు తెరిచి, పంటు పక్కకు తిప్పింది.

కుందేళ్ళు చప్పట్లు కొట్టాయి. నూకాలు కళ్ళు తుడుచుకుంది. ఎన్నాళ్ళకో ఆ పూట ఆమెకు ధైర్యంగా ఉంది.

దున్నపోతుకు మాత్రం ఒళ్ళు మండింది. నేరుగా సభాధ్యక్షులైన ఏనుగు గారి దగ్గరకు వెళ్ళింది.

"అయ్యా, ఇరవై ఏళ్ళుగా తిన్నగా పోయేవాణ్ణి. ఇవాళ తిప్పాల్సొచ్చింది. మెడ పట్టేసింది."

"ఎందుకు తిప్పావు?"

"కనబడింది కాబట్టి."

"చూడకపోవాల్సింది."

"ఎలా చూడకుండా ఉండమంటారు? నిలువెత్తు గడ, ఎర్రటి పూలు! రేపు పొరపాటున గుద్దితే కనబడలేదని చెప్పే దారి కూడా లేకుండా చేసింది."

ఏనుగు గారికి సమస్య తీవ్రత అర్థమైంది. గుమాస్తా నక్కను పిలిచారు. మా అడవిలో నక్క రాయని ఆర్డరు లేదు, నక్కకు తప్ప అర్థమైన ఆర్డరూ లేదు.

సభ కూడింది. నూకాలు వచ్చి నిలబడింది. నక్క గొంతు సవరించుకుని చదివింది.

"ఏటియందు తిరుగు చిన్న పడవలవారు ఎల్లరును పెద్ద పడవలవారికి ప్రతిదినము విధిగా కనబడవలెను."

నూకాలు తన చెవులను తనే నమ్మలేకపోయింది. తను కోరుకున్నదే! "మీ కడుపు చల్లగుండ, నాకూ అదే కావాలి బాబూ!" అని ఆర్డరు కింద పంజా ముద్ర వేసి ఇంటికి పరుగెత్తింది. సోములుకు చెప్పింది. "ముద్ర కూడా వేశావా?" అన్నాడు సోములు. అతనికి నక్కతో పరిచయం ఎక్కువ.

మర్నాడు గడ మీద కొత్త పూలు కట్టుకుని నూకాలు ఏట్లోకి దిగబోతే, ఒడ్డున నక్క నిలబడి ఉంది.

"ఏమ్మా నూకాలు, ఆర్డరు నిన్ననే వేశాం. పొద్దున్నే కనబడలేదేం?"

"ఇదుగో, కనబడుతున్నాను కదండీ! అవతలి ఒడ్డు నుంచి కూడా కనబడతాను."

"అలా కాదమ్మా." నక్క నవ్వింది. "వచ్చి కనబడాలి."

నూకాలు తెడ్డు దించేసింది. వచ్చి కనబడటమంటే ఏమిటో అడవిలో చీమకు కూడా తెలుసు.

"వచ్చేటప్పుడు..." అంది చిన్నగా.

"వట్టి చేతుల్తో ఎవరైనా కనబడతారటమ్మా? దున్నపోతు గారికి గడ్డిమోపు. అధ్యక్షుల వారికి చెరుకుగడ. నాదేముంది, రెండు చేపలు. అన్నట్టు, రోజూ కనబడేవాళ్ళకు ఇంక ఈ గడ దేనికి? అనుమతి లేని ఎరుపు. తీసెయ్యి."

గడ జప్తు చేసి పంటు మీద పడేశారు.

ఆ రోజు నుంచి తెల్లవారకముందే దున్నపోతు గుమ్మంలో వరుస మొదలైంది. నూకాలు, ఆమె వెనక తాబేలు, వెనక బాతులు. తలకో గడ్డిమోపు. దున్నపోతు కళ్ళు మూసుకుని ఒక్కొక్కరినీ చూసి, ఆకు మీద గిట్ట ముద్ర వేసి ఇచ్చేది. "కనబడినది" అని ఆకు.

మూడో రోజున, ఏటి మధ్యలో, నాలుగు కుందేళ్ళతో పోతున్న దోనె మీదకు పంటు తిన్నగా వచ్చింది.

"దున్న బాబూ! దోనె! దోనె!" అని నూకాలు గొంతు చించుకుంది. దున్నపోతు మీద వాన కురిసినట్టే అయింది. చివరి క్షణంలో నూకాలు తెడ్డు అడ్డం వేసి దోనె తిప్పగలిగింది గానీ, అంచు ఒరుసుకుని ఒక కుందేలు నీళ్ళలో పడింది. నూకాలు దూకి, మెడ పట్టుకుని తెచ్చి దోనెలో వేసింది. తరవాత ఆకు ఎత్తి చూపించింది.

"పొద్దున కనబడ్డాను కదా బాబూ!"

దున్నపోతు ఒక కన్ను తెరిచింది. "పొద్దున కనబడ్డావు కదే. మళ్ళీ ఇప్పుడెందుకు కనబడటం?"

ఆ రాత్రి నూకాలు అన్నం ముట్టలేదు.

వారం తిరిగేసరికి ఎగువ అడవి వాళ్ళు ఏనుగు గారికి సన్మానం పెట్టారు. ఏనుగు గారు, నక్క పంటు ఎక్కారు. దున్నపోతు ఇంట్లో పట్టక మిగిలిన మోపులన్నీ కూడా ఎక్కించింది, అక్కడ చుట్టాలకు పంచి గొప్ప చెప్పుకోవచ్చని. ముందు గడ్డి గుట్ట, వెనక దున్నపోతు, మధ్యలో ఏనుగు. పంటు నీళ్ళలోకి దిగిపోయి అంచు కనబడటం మానేసింది. దూరం నుంచి చూస్తే ఏట్లో కొట్టుకొచ్చిన చెత్తలా ఉంది.

ఎగువ నుంచి, పంటుకు రెండింతలుండే ఖడ్గమృగం లాంచీ వస్తోంది. తాడి తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడు ఉంటాడు. లాంచీ వేగం తగ్గించలేదు. ఫెళ్ళుమంది. పంటు దుంగలు దేనికది అయ్యాయి. నక్క ఒక దుంగ పట్టుకుంది. దున్నపోతు ఈదుకుంటూ ఒడ్డు చేరింది. సన్మానాలు మొదలయ్యాక ఏనుగు గారు ఈత మరిచిపోయారు. తొండం ఒక్కటే పైన ఉంది. అదీ నీళ్ళ రంగే. వెనక రెండో లాంచీ వస్తోంది.

ఒడ్డున ఉన్న నూకాలు చూసింది. చూసేవాళ్ళు చూడకుండా ఉండలేరు, అదే వాళ్ళ జబ్బు. దోనె వేసుకుని వెళ్ళింది. గడ్డి మధ్యన తన వెదురుగడ తేలుతోంది. పూలు వాడాయి గానీ ఎరుపు పోలేదు. గడ తీసి ఏనుగు గారి తొండంలో పెట్టింది.

"పైకెత్తి పట్టుకోండి బాబూ, దించకండి!"

ఏనుగు గారు ఎత్తారు. జన్మలో అంత శ్రద్ధగా ఏ జెండా ఎత్తలేదు. రెండో లాంచీ తప్పుకుని పోయింది.

విచారణ జరిగింది. ఖడ్గమృగం నిజమే చెప్పింది. "నాకు కనబడలేదు."

"నేను అధ్యక్షుణ్ణి!" అన్నారు ఏనుగు గారు.

"అవునా? ఎప్పుడైనా వచ్చి కనబడ్డారా?"

ఏనుగు గారు నక్క వంక చూశారు. నక్క తన ఆర్డరు తనే మళ్ళీ చదువుకుంది. చిన్న పడవలు, పెద్ద పడవలు. అక్షరం మార్చడానికి లేదు.

మర్నాటి నుంచి తెల్లవారకముందే ఏనుగు గారు చెరుకుగడతో, దున్నపోతు గడ్డిమోపుతో, నక్క చేపలతో ఎగువ దారి పట్టారు. ఖడ్గమృగం గుమ్మంలో వరుస పొడవు. తిరిగొచ్చేసరికి పొద్దు వాలుతుంది.

ఇవతల ఒడ్డున అడిగేవాళ్ళు లేక, నూకాలు గడకు కొత్త పూలు కట్టి కుందేళ్ళను ఎక్కించుకుంది. కుంటుకుంటూ వచ్చి సోములు కూడా దోనె ముందు కూర్చున్నాడు.

నీతి: కళ్ళున్నవాడికి నాలుగు మోదుగుపూలు చాలు, కుర్చీ ఉన్నవాడికి మాత్రం, ఎంత ఏనుగైనా సరే, వచ్చి కనబడవలెను.