గురవమ్మ తుపాకికి కొలతలు

ఆ ఉదయం యలమందయ్య వేసుకున్న పథకం చాలా చిన్నది. భార్య నిద్ర లేచేలోగా ఆమె చెయ్యి కొలవాలి. మోచేతి వంపు నుంచి చూపుడువేలి దాకా ఎంత పొడవుందో చెబితే, గుంటూరులో తుపాకుల దుకాణం నడిపే లాల్ అహ్మద్ గారు దానికి సరిపడా తుపాకి వెనక భుజానికి ఆనే కర్ర చెక్కించి ఇస్తానన్నారు. పెళ్లిరోజుకి పెళ్లానికి తుపాకి బహుమతిగా ఇవ్వాలన్న ఆలోచన మార్టూరు చుట్టుపక్కల ఇంకెవరికీ వచ్చి ఉండదని యలమందయ్యకి లోలోపల గర్వంగా ఉంది.

గురవమ్మకి తుపాకి కొత్త కాదు. తండ్రి పోయాక పంట కాపలా లైసెన్సు ఆమె పేరు మీదికే వచ్చింది. కొండలో గ్రానైట్ తవ్వకాలు పెరిగేకొద్దీ అడవిపందులు మిరప చేలలోకి దిగి బోదెలు కుళ్లగించడం మొదలుపెట్టాయి. ఆమె వాటి తలల మీదుగా ఒక్కటి పేల్చిందంటే చేను ఖాళీ. ఈ సంగతి ఊళ్లో చెప్పే పని మాత్రం యలమందయ్య తీసుకున్నాడు. టీ బంకు దగ్గర చెప్పగా చెప్పగా, పేల్చింది ఎవరన్న చిన్న వివరం కథలోంచి జారిపోయింది. ఊరు అతన్ని తుపాకి యలమందయ్య అంది. అతను కాదనలేదు.

తండ్రి ఇచ్చిన ఆ జోడుగొట్టాల తుపాకి బాగా బరువు. పేలిన ప్రతిసారీ భుజాన్ని గుద్దుతుంది. "భుజం లాగేస్తందయ్యా, కాస్త మందు రాయి" అని గురవమ్మ అడిగినప్పుడల్లా యలమందయ్య సీసా అందించేవాడు. అందించడం కూడా సాయమేనని అతని నమ్మకం. ఈ ఏడు మాత్రం ఆమె కాపలా నుంచి వచ్చి మూలుగుతూ పడుకుంటే మనసు చివుక్కుమంది. గొట్టం సన్నంది, పంపులా ముందుకీ వెనక్కీ లాగి పేల్చే తేలికపాటి తుపాకి ఒకటి కొనాలనుకున్నాడు. లైసెన్సున్న మనిషే వచ్చి సంతకం పెట్టాలి కనక ముందు గుట్టుగా అంతా సిద్ధం చేయించి, ఆఖర్న ఆమెని తీసుకెళ్దామని అతని ఎత్తు.

పురికొస మోచేతి దగ్గర పెట్టి వేలిదాకా లాగేసరికి గురవమ్మ కళ్లు తెరిచింది.

"ఏం చేస్తన్నావయ్యా?"

"ఏం లేదు. దోమ."

"దోమని తాడుతో కొడతారా?" అని అటు తిరిగి పడుకుంది.

అంతటితో ఆగితే బాగుండేది. అహ్మద్ గారు ఫోన్లో ఇంకో రెండు ప్రశ్నలు వేశారు. చేతిలో ఎంత బరువు నిలుస్తుంది, గురి ఏ కంటితో చూస్తారు అని. కాఫీ తాగాక యలమందయ్య భార్యని పెరట్లో నిలబెట్టాడు. "గురవా, చెయ్యి చాపు" అని, చాపిన చేతిలో నీళ్ల చెంబు పెట్టాడు. కాసేపటికి చెయ్యి వణికింది. "ఇప్పుడు ఒక కన్ను మూయి" అన్నాడు. ఆమె కుడికన్ను మూసింది.

"అది కాదే, ఎడంది."

ఆమె ప్రయత్నించింది. రెండూ మూతపడ్డాయి. "ఎడంది ఒక్కటీ పడదయ్యా నాకు" అంది.

అక్కడ ఆగి ఆలోచించాల్సింది. కానీ అన్నం తినే చేతి వైపే కదా తుపాకి కూడా ఆనేది అనుకున్నాడు యలమందయ్య. అహ్మద్ గారికి ఫోన్ చేసి, "కుడి కన్నేనండి, కుడి భుజమే. రోజూ చూసేవాణ్ణి, నాకు తెలీదా" అన్నాడు.

గురవమ్మ కూతురికి ఫోన్ చేసింది. భవ్య చీరాలలో మేనత్త వెంకటరావమ్మ ఇంట్లో ఉండి డిగ్రీ చదువుతోంది. "మీ నాన్న ఏదోలా ఉన్నాడే. చెయ్యి కొలుస్తాడు, చెంబు మోయిస్తాడు, కన్ను మూయమంటాడు" అంది. చెయ్యి వణికిందని, ఎడమ కన్ను మూతపడలేదని కూడా చెప్పింది. భవ్య వెంటనే ఫోన్లో వెతికింది. ఫోను ఎవరికీ చిన్న జబ్బు చెప్పదు. నరాల జబ్బు అంది.

భవ్య తండ్రికి ఫోన్ చేసి, గొంతు తగ్గించి, "నాన్నా, అమ్మ సంగతి నాకు తెలిసిపోయింది" అంది. యలమందయ్య ఉలిక్కిపడ్డాడు. దుకాణం వాళ్లెవరో చెప్పేసి ఉంటారనుకున్నాడు.

"అమ్మతో మాత్రం అనకు తల్లీ. గుంటూరులో అంతా మాట్లాడేశా. శుక్రవారం తీసుకురమ్మన్నారు."

భవ్య మేనత్తకి చెప్పేసింది. ఆ మర్నాడే వెంకటరావమ్మ భవ్యని వెంటేసుకుని రొట్టె, హార్లిక్స్ సీసాతో దిగింది. వస్తూనే గురవమ్మని కావిలించుకుని ఏడ్చింది. ఎందుకో తెలియకపోయినా వదిన ఏడుస్తోందని గురవమ్మ కూడా ఏడ్చింది. ఇరుగుపొరుగు వచ్చారు, కొబ్బరిబోండాలు వచ్చాయి. గురవమ్మని మంచం దిగనివ్వలేదు. "జబ్బేం లేదక్కా" అని యలమందయ్య నెత్తీనోరూ కొట్టుకున్నాడు.

"నువ్వట్టాగే అనాల్రా. దాని ముందు ధైర్యంగా ఉండాలిగా" అని వెంకటరావమ్మ తమ్ముడి వెన్ను నిమిరింది.

ఆమె మంచాన ఉంటే చేనికి కాపలా లేదు. పందులు తీరిగ్గా వచ్చి పోతున్నాయి. పక్కచేను బుల్లయ్య, "ఏరా, నువ్వెళ్లి ఒకటి పేల్చరాదూ" అన్నాడు.

"లైసెన్సు నాది కాదుగా" అన్నాడు యలమందయ్య. ఆ ఊళ్లో తుపాకి గురించి అతను చెప్పిన మొదటి నిజం అదే.

శుక్రవారం బుల్లయ్య మిర్చి బస్తాలు తోలే వ్యాన్లో పరుపు వేశారు. గురవమ్మ, వెంకటరావమ్మ, భవ్య, దారి చూపడానికని ముగ్గురు, ధైర్యం చెప్పడానికని ఇంకో నలుగురు ఎక్కారు. గుంటూరులో యలమందయ్య ఆపమన్నచోట వ్యాన్ ఆగింది. వెంకటరావమ్మ దిగి బోర్డు చూసింది.

"ఆసుపత్రికని తీసుకొచ్చి తుపాకుల కొట్టుకాడ దింపావేంట్రా?"

ఇక దాచలేక యలమందయ్య అంతా చెప్పేశాడు. ముందు భవ్య నవ్వింది, తర్వాత అందరూ నవ్వారు. వెంకటరావమ్మ కళ్లు తుడుచుకుని, "పెళ్లాం భుజం నొస్తందని తుపాకి మార్పించే మొగుణ్ణి నేనెక్కడా చూళ్లా" అంది. యలమందయ్య ఛాతీ కాస్త పొంగింది. అది అట్టే సేపు నిలవలేదు.

లాల్ అహ్మద్ తుపాకి తెచ్చి బల్ల మీద పెట్టారు. నల్లటి గొట్టం, నిగనిగలాడే కర్ర, దాని మీద చెక్కిన మిరపకాయల గుత్తి, కింద గురవమ్మ పేరు. కుడి భుజానికి ఆనించే మనిషి చెంపకి తగ్గట్టు కర్రకి ఒకవైపు ఉబ్బు పెట్టించారు. "ఎత్తి చూడండమ్మా" అన్నారు.

గురవమ్మ పేరు మీద వేలు రాసి చూసుకుంది. తుపాకి తేలిగ్గా ఎత్తి ఎడమ భుజానికి ఆనించి, కుడికన్ను మూసింది. చెంప ఆనాల్సిన ఉబ్బు అవతలివైపు ఉండిపోయింది.

"అమ్మగారిది ఎడమ భుజమా?" అన్నారు అహ్మద్.

"మా నాన్న నేర్పిన కాడి నుంచీ అంతేనండి. ఎడం కన్ను మూతపడి చస్తేగా."

బుల్లయ్య యలమందయ్య వైపు తిరిగాడు. "అదేంట్రా, టీ బంకు కాడ కర్ర పట్టుకుని పేల్చి చూపించావే. కుడి భుజానికేగా పెట్టింది."

యలమందయ్య బోర్డు మీది అక్షరాలు చదవడం మొదలుపెట్టాడు. గురవమ్మే జవాబు చెప్పింది, మొగుణ్ణి వెనకేసుకొస్తున్నాననుకుని. "ఆయనకి చప్పుడు పడదు బుల్లయ్యా. చేని కాడ పాకలో దుప్పటి కప్పుకుని చెవులు మూసుకుంటాడు. ఆయనేం చూస్తాడు పాపం."

నలుగురూ నవ్వడం యలమందయ్యకి వినిపించింది. ఊరి ముందు పరువు పోయినందుకు సిగ్గేసింది. అంతకన్నా, ఇన్నేళ్లూ మందు సీసా అందించి, ఆమె దాన్ని ఏ భుజానికి రాసుకుంటోందో ఒక్కసారీ చూడలేదన్న సంగతికి ఇంకా సిగ్గేసింది. తల ఎత్తి భార్య మొహం చూడలేకపోయాడు.

"కర్ర మళ్లీ చెక్కిస్తాలెండి. ఇది కుడి భుజం వాళ్లకే పనికొస్తుంది" అన్నారు అహ్మద్.

"అయితే ఈ కర్ర ఇంటికిచ్చి పంపండి. మాకొక కుడి భుజం ఆయన ఉన్నాడు, టీ బంకు కాడ అక్కరకొస్తది" అంది గురవమ్మ.

ఆ సాయంత్రం ఇంటికి చేరాక యలమందయ్య మందు సీసా తెచ్చాడు. అందించలేదు. ఆమె ఎడమ పక్కన కూర్చుని మూత తీశాడు. జాకెట్టు అంచు కింద భుజం నల్లగా కమిలి, పాత మచ్చల మీద కొత్త మచ్చలు ఉన్నాయి. మందు వేళ్లకి తీసుకుని మెల్లగా రాయడం మొదలుపెట్టాడు.

"కాస్త కిందికి" అంది గురవమ్మ కళ్లు మూసుకుని.

మర్నాటి నుంచి ఊరు అతన్ని తుపాకి గురవమ్మ మొగుడు అంటోంది. అతను అదీ కాదనలేదు.