వింటినారిలో కన్నం

ఆర్విడ్ కెట్నర్ గురి చెడగొట్టింది అతని బావమరిది లోవెల్. ఇందులో వాదించడానికి ఏమీ లేదు. రెండేళ్లుగా ఆర్విడ్ బాణం జింకకు తగలడం లేదు. రెండేళ్లుగా లోవెల్ సలహాలు ఇస్తున్నాడు. ఆ సలహాల్లో ఒక్కటి కూడా ఆర్విడ్ పాటించలేదన్నది వేరే సంగతి.

గొడవంతా ఒక మంచె గురించి. విస్కాన్సిన్ ఉత్తరాన, బీవర్లు అడ్డుకట్ట వేసుకున్న మడుగు పక్కన, ఓక్ చెట్టు మీద ఉంటుందది. ఆ చుట్టుపక్కల జింకలన్నీ నీళ్లకు దాని కింద నుంచే పోతాయి. అది ఆర్విడ్ మామగారిది. నిచ్చెన ఎక్కే ఓపిక పోయాక ముసలాయన దాన్ని కన్నకొడుకు లోవెల్‌కు కాకుండా అల్లుడికి ఇచ్చాడు. ఆ అవమానం లోవెల్ మరిచిపోలేదు. భార్య ఇర్మా పోయాక ఆ ఇంటి నుంచి ఆర్విడ్‌కు మిగిలింది కూడా ఆ మంచె ఒక్కటే.

అయితే ఆ కుటుంబానికో కట్టుబాటు ఉంది. జింక మీద గురి తప్పినవాడి చొక్కా వెనక అంచు కోసి, వేట గుడిసె గోడకు మేకు వేసి కొడతారు. ఒకే మనిషి అంచులు వరసగా మూడు గోడకెక్కితే అతను మంచె దిగిపోవాలి. గోడ మీద ఆర్విడ్‌వి రెండున్నాయి. ఆ పక్కన మూడో దానికి చోటు వదిలి ఉంచింది ఎవరో చెప్పనక్కర్లేదు.

శనివారం బాణాల వేట మొదలు. గురువారం పొద్దున ఆర్విడ్ పథకం చాలా చిన్నది. గడ్డిమోపు మీద నాలుగు బాణాలు వేసి చూసుకోవడం, గుడ్లు వేయించుకు తినడం, ఎవరితోనూ మాట్లాడకుండా పడుకోవడం. మొదటి బాణం తీసేసరికే వాకిట్లో బండి ఆగింది. అందులోంచి ఎవరో దిగారు. ఆర్విడ్ మర్యాదగా టోపీ తీశాడు.

"పాస్టరుగారూ, రండి."

"నేను బావా, లోవెల్‌ని."

ఆర్విడ్ టోపీ మళ్లీ పెట్టుకున్నాడు.

"ఇంకా ఆ చీమ దూరే కన్నంతోనే కొట్టుకుంటున్నావా? పెద్దది పెట్టించుకోరాదూ. ఈ వయసులో కళ్లు..."

"నా కళ్లకేం రాలేదు."

"రాలేదులే. నన్ను పాస్టర్ని చేసింది కళ్లు కాదు, భక్తి."

"ఎండ కంట్లో పడింది."

"మబ్బు పట్టి ఉంది బావా," అని ఆకాశం చూపించి లోవెల్ బండెక్కాడు.

ఆ కన్నం సంగతి చెప్పాలి. వింటినారి మధ్యలో చొక్కా గుండీ అంత నల్లటి రింగు ఒకటి గుచ్చి ఉంటుంది. నారి లాగితే అది కంటి ముందుకు వస్తుంది. దాని కన్నంలోంచి చూసి, విల్లుకున్న గురిపుల్లను జింక మీద నిలపాలి. కన్నం చిన్నదైతే గురి కచ్చితం, వెలుతురు తక్కువ. పెద్దదైతే వెలుతురు ఎక్కువ, గురి కాస్త అటూ ఇటూ. జింకలేమో పొద్దుగూకాక గాని రావు. పోయినేడు ఆ వేళకు ఆర్విడ్ నారి లాగి చూస్తే కుండలో తల పెట్టినట్టుంది. జింక ఉన్నదనుకున్న వైపు వేశాడు. బాణం బీవర్ల కట్టలో దొరికింది.

అంటే పెద్ద కన్నం కావాలి. అది ఆర్విడ్‌కూ తెలుసు. కానీ పెద్దది పెట్టుకోమన్నవాడు లోవెల్. మంచె మీద కన్నున్న మనిషి మంచి సలహా ఎందుకిస్తాడు? ఇవ్వడు. కాబట్టి పెద్దది తప్పు. పెద్దది తప్పయితే ఇప్పుడున్న దానికంటే చిన్నది ఒప్పు. ఆర్విడ్ ఆలోచన ఎప్పుడూ ఇలాగే తిన్నగా పోతుంది.

విల్లు బండిలో పడేసి, రోలీ దుకాణానికి బయల్దేరాడు. రోలీ విల్లులూ బాణాలూ అమ్ముతాడు, బాగుచేస్తాడు. ఆర్విడ్ వెళ్లేసరికి దుకాణం ముందు నుంచి లోవెల్ బండి కదిలిపోతోంది.

"లోవెల్ ఎందుకొచ్చాడు?" అన్నాడు ఆర్విడ్ గుమ్మంలోనే.

"గుడ్‌మార్నింగ్ ముందు చెప్పవయ్యా."

"ఎందుకొచ్చాడు?"

"ఏదో కొనుక్కున్నాడు. ఏం కొన్నాడో ఎవరికీ చెప్పొద్దన్నాడు. నువ్వు పని చెప్పు."

ఆర్విడ్‌కు అంతా అర్థమైపోయింది. రోలీ అతని చేత నారి లాగించి, పక్కన నిలబడి అడిగాడు.

"ఎదురుగా గురిపుల్ల చుట్టూ గుండ్రటి చట్రముంది చూడు. కన్నంలోంచి అది మొత్తం కనబడుతోందా?"

"సగం కనబడుతోంది. చాలు."

"చాలదయ్యా. కన్నం అంచు మీద చట్రం అంచు సరిగ్గా కూర్చోవాలి. నీకు పెద్దది కావాలి."

"అచ్చం లోవెల్ అన్న మాటే."

"నిజమైతే ఎవరన్నా అదే అంటారు."

"నీ దగ్గరున్న వాటిలో అన్నిటికంటే చిన్నదియ్యి."

"అది పట్టపగలు మైదానంలో అట్టబొమ్మల్ని కొట్టేవాళ్లదయ్యా! అడవిలో అది పెట్టుకునే బదులు కళ్లకు గంత కట్టుకో, ఖర్చుండదు."

"ఇయ్యి."

రోలీ నిట్టూర్చి సొరుగు అడుగు నుంచి ఒకటి వెతికి తీశాడు. "ఈ ఏడు దీన్ని అడిగిన మొదటి మనిషివి నువ్వే. విల్లు ఇటియ్యి, ఎక్కిస్తా."

"నువ్వు ముట్టుకోకు," అని ఆర్విడ్ బయటికి నడిచాడు.

ఆ రింగు గుచ్చాలంటే విల్లును వంచి, నారిని వదులు చేయాలి. దానికి రోలీ దగ్గర యంత్రం ఉంది. ఆర్విడ్ దగ్గర కొట్టంలో బల్లకు బిగించిన ఇనుప దవడల వైసు, బండి మీద సామాను కట్టే పట్టీ, కోపం ఉన్నాయి. మధ్యాహ్నానికి పాత రింగు ఊడింది. కొత్తది నారిలో దూరింది. పట్టీ వదిలి నారిని మళ్లీ బిగించడం ఒక్కటే మిగిలింది.

అప్పుడే ఆర్డిస్ వచ్చింది. లోవెల్ పెళ్లాం. మొగుడి గొడవలతో ఆమెకు పనిలేదు. ఆర్విడ్ ఒంటరి మనిషని వారానికోసారి వండింది తెచ్చి పెడుతుంది. ఆ సాయంత్రం చర్చిలో వేటగాళ్ల విందు. దాని కోసం చేసిన హాట్‌డిష్ ఆమె చేతుల్లో ఉంది. అడుగున మాంసం, పైన వేగిన బంగాళాదుంప ముక్కలు. ఏ విందులోనైనా ముందు ఖాళీ అయ్యేది ఆర్డిస్ పళ్లెమే అని ఊరంతా ఒప్పుకుంటుంది, ఆర్డిస్‌తో సహా.

"అన్నయ్యా, నీ వాటా ముందే తీసిపెడతా. అక్కడికొస్తే నువ్వెలాగూ మూల కూర్చుని ఏమీ తినవు. కంచమేదీ?"

"వంటింట్లో."

ఆమె పళ్లెం బల్ల చివర పెట్టి, మూత తీసి, కంచం కోసం లోపలికెళ్లింది. ఆర్విడ్ పట్టీ మెల్లిగా వదలబోయాడు. పట్టీకి అంత ఓపిక లేదు. తుపాకి పేలినట్టు చప్పుడైంది. విల్లు వైసులోంచి ఎగిరి గోడను తన్నింది.

"బతికే ఉన్నావా?" అని అరిచింది ఆర్డిస్.

"ఉన్నా."

"అయితే తిను," అని కంచంలో వడ్డించి, పళ్లెం మూత పెట్టుకుని వెళ్లిపోయింది.

నారిలో రింగు లేదు. ఆర్విడ్ మోకాళ్ల మీద కొట్టమంతా పాకాడు. రంపపు పొట్టు జల్లించాడు. గోడ పగుళ్లలో పుల్ల పెట్టి గెలికాడు. వెతికీ వెతికీ అలిసిపోయి ఆర్డిస్ వడ్డించింది తిన్నాడు. చాలా బావుంది.

సాయంత్రం చర్చి కింది హాలులో పాస్టరు వేటగాళ్ల కోసం ప్రార్థన చేశాడు. అందరూ తిండి మీద పడ్డారు. ఆర్విడ్ మూల కూర్చున్నాడు. ఎదుటి బల్ల దగ్గర లోవెల్ రెండోసారి వడ్డించుకుని, నిండుగా నోట్లో పెట్టుకున్నాడు. కటుక్కుమని చప్పుడైంది. లోవెల్ దవడ పట్టుకుని లేచాడు. నోట్లోంచి సగం పన్ను, దాని వెనక నల్లటి రింగు ఒకటి తీశాడు.

చూడగానే అది తనదేనని ఆర్విడ్‌కు తెలిసింది.

"నీ వంటలో ఏంటే ఇది?" అన్నాడు లోవెల్.

హాలులో ఫోర్కులన్నీ ఒక్కొక్కటే బల్లల మీదికి దిగాయి. ఆర్డిస్ ముఖం తెల్లబోయింది. జన్మలో మొదటిసారి ఆమె పళ్లెం సగం నిండుగా ఉండిపోయింది.

"ఏదో కోటు గుండీ అయ్యుంటుంది," అన్నాడు ఆర్విడ్ తన మూల నుంచి. అతను ఎప్పుడూ అలా కల్పించుకోడు. అదే కొంప ముంచింది. అందరూ అతని వైపు తిరిగారు.

రోలీ లేచొచ్చి రింగు తుడిచి దీపానికి పట్టి చూశాడు. "గుండీ కాదు. నా సరుకే. ఇంత చిన్నది ఈ ఏడాది ఒక్కరికే అమ్మాను. పొద్దున."

అతను పేరు చెప్పలేదు. చెప్పక్కర్లేకపోయింది.

"కావాలనే వేశావు!" అని అరిచాడు లోవెల్, పన్ను విరిగిన చోట గాలి పోతుంటే. "శనివారం నేను పళ్ల డాక్టరు దగ్గరుంటే నువ్వు గురి తప్పినా చూసేవాడుండడని, మంచెకు గండం తప్పుతుందని!"

"నువ్వూ రోలీ కలిసి నా విల్లు పాడుచేద్దామని కుట్ర పన్నారు. పొద్దున దుకాణంలో ఏం కొన్నావో చెప్పు!"

లోవెల్ దవడ పట్టుకుని రోలీ వైపు చూశాడు.

"చెప్పవయ్యా, ఇంకా దాచేదేముంది?" అన్నాడు రోలీ. "పెద్ద కన్నం కొన్నాడు ఆర్విడ్, తనకోసమే. పొద్దుగూకితే తనకీ ఏమీ కనబడదట. ఊళ్లో తెలిస్తే నవ్వుతారని చెప్పొద్దన్నాడు."

ఎవరూ నవ్వలేదు. ఆర్డిస్ లేచింది కనక.

"కనబడని మగాళ్లు ఇద్దరు. ఒకడు కనబడుతోందని అబద్ధమాడతాడు, ఇంకొకడు కొని దాచుకుంటాడు. మీ ఇద్దరి మధ్య చెడింది నా వంట. ఇంతమందిలో."

"అది కాదమ్మా ఆర్డిస్..."

"అన్నయ్యా, నువ్వు మాట్లాడకు. అది నీ చేతిలోదని నీకు తెలుసు. నా మీదికి నింద వస్తుంటే గుండీ అన్నావు." ఆమె మూత తీసుకుని పళ్లెం మీద పెట్టింది. "ఆ మంచె ఉన్న నేల కాగితాల్లో నా పేరూ ఉంది. ఈ ఏడు ఆ మంచె మీద మీ ఇద్దరూ కూర్చోరు. నేను కూర్చుంటా."

"నువ్వా? ఏం పట్టుకుని?" అన్నాడు లోవెల్.

"మా నాన్న కొయ్యవిల్లు అటక మీదుంది."

ఇద్దరు మగాళ్లూ ఒకరినొకరు చూసుకున్నారు. రెండేళ్లలో మొదటిసారి వాళ్లకు ఒకే సంగతి నవ్వు తెప్పించింది. ఆ కొయ్యవిల్లు నారిలో అసలు రింగే లేదు.

శుక్రవారం ఆర్విడ్ విల్లు తీసుకుని దుకాణానికెళ్లాడు. రోలీ అడగకుండానే పెద్ద కన్నం బిగించాడు. ఆర్విడ్ డబ్బులు బల్ల మీద పెట్టాడు. ఆర్డిస్ ఒక్క సాయంత్రం దోమలు కుట్టించుకుని దిగొస్తుంది. దిగాక మంచె మళ్లీ తనదే. అదీ లెక్క.

శనివారం సాయంత్రం ఆర్విడ్‌కు దక్కింది మడుగుకు ఇవతలి ఒడ్డు, తుంగలో, బురదలో. పొద్దు వాలింది. చెట్ల కింద నీడ చిక్కబడింది. అవతలి ఒడ్డున పెద్ద కొమ్ముల జింక బయటికొచ్చింది. అంత పెద్దది ఆర్విడ్ ఎన్నడూ చూడలేదు. బాణం అందే దూరం కాదు. అయినా చేతులు ఊరుకోలేదు, నారి లాగాడు.

కన్నంలోంచి చూశాడు. పట్టపగల్లా ఉంది. కొమ్ముల చివర్లు కనబడుతున్నాయి. చెవి కదలడం కనబడుతోంది. చట్రం కన్నంలో సరిగ్గా కూర్చుంది. ఆ వెలుతురులో జింక తాపీగా నడిచి ఓక్ చెట్టు కిందికి పోయి నిలబడటం కనబడింది. పైనుంచి ఒక బాణం దిగడం, జింక రెండు గంతులు వేసి పడిపోవడం, అన్నీ ఒక్క వెంట్రుక కూడా తప్పకుండా కనబడ్డాయి.

ఆర్విడ్ నారిని మెల్లిగా దించాడు.

"అన్నయ్యా!" ఆర్డిస్ గొంతు మడుగు దాటి వచ్చింది. "అక్కడున్నావు కదా! ఇటొచ్చి ఈడ్వడానికి ఓ చెయ్యి వెయ్యి!"

వెళ్లాడు. ఈడ్చాడు. గుడిసె దగ్గర లోవెల్ వాచిన దవడకు ఐసు పెట్టుకుని నిలబడి ఉన్నాడు. జింకను చూశాడు, భార్యను చూశాడు. ఏడవడానికి దవడ సహకరించక బావ వైపు తిరిగాడు.

"పెద్ద కన్నంలోంచి బాగా కనబడిందా బావా?"

"ఈ సంగతి ఇంక నా దగ్గర ఎవరూ ఎత్తొద్దు," అన్నాడు ఆర్విడ్.

ఆ రోజు నుంచి అతను ఆ సంగతి మాట్లాడలేదు. ఊళ్లో మిగతావాళ్లు ఇంకో సంగతి మాట్లాడలేదు.